వాన సెలవు, జ్వరం సెలవు: ఇంట్లో ఉన్న ప్రైమరీ పిల్లలతో ఏం చేయించాలి?

హైదరాబాద్‌లో చిన్న పిల్లల బడి ఏడాదిలో చాలాసార్లు ఆగుతుంది. జూలై నుంచి సెప్టెంబరు దాకా వాన సెలవు ఎప్పుడు ప్రకటిస్తారో రాత్రి పది దాటితే గానీ తెలియదు. మధ్యలో కళ్ళకలక, వైరల్ జ్వరం, ఆటలమ్మ, అప్పుడప్పుడూ ఒక బంద్. ఇలాంటప్పుడు ఇళ్లలో రెండు పనుల్లో ఒకటి జరుగుతుంది. ఫోన్ చేతికిచ్చి ఊరుకోవడం, లేదంటే తొమ్మిదింటికల్లా పుస్తకాలు ముందు పడేసి ఇంట్లోనే బడి పెట్టడం. రెండోది మొదటిదానికన్నా గొప్పేం కాదు. మధ్యాహ్నానికి అమ్మ గొంతు పోతుంది, పిల్లకి లెక్కలంటే విసుగొస్తుంది.

బడిలో ఆరు గంటలంటే అందులో హాజరు, వరుసలు, బోర్డు చూసి రాసుకోవడం, పక్కవాడు పూర్తి చేసేదాకా కూర్చోవడం అన్నీ ఉంటాయి. ఇంట్లో ఒక్కరికి ఒక్కరు కూర్చుంటే అంత సమయం అక్కర్లేదు. ఒకటి, రెండు తరగతుల వాళ్లకు ఒక విడత పదిహేను నిమిషాలు, మూడు నుంచి ఐదు దాకా ఇరవై అయిదు. ఇలాంటివి రోజుకు మూడో నాలుగో విడతలు. అంటే ముప్పావు గంట నుంచి, మహా అయితే గంటా నలభై నిమిషాలు. ఎక్కడ ఆపాలో ముందే చెప్పండి: "ఈ పది లెక్కలే" అన్నాక పదకొండోది ఇవ్వకూడదు. త్వరగా చేస్తే ఇంకా ఇస్తారని తెలిసిన పిల్ల మర్నాటి నుంచి కావాలనే నెమ్మదిస్తుంది.

పనిని ఎంచుకునేటప్పుడు నేను చూసేది ఒక్కటే. తప్పు చేస్తే ఆ వస్తువే చెప్పాలి, పక్కన కూర్చున్న పెద్దవాళ్లు కాదు. వర్క్‌షీట్‌లో తప్పు రాస్తే ఎర్ర పెన్ను పడేదాకా పిల్లకి తెలియదు. చేతిలో పుల్లలు తక్కువ పడితే మాత్రం వెంటనే తెలిసిపోతుంది.

పుల్లలు, రబ్బరు బ్యాండ్లు

రెండో తరగతిలో ఎక్కువమంది ఇరుక్కునేది అప్పు తెచ్చుకునే తీసివేతల్లో. 52 లోంచి 27 తీసేయమంటే 35 అని రాస్తారు. అశ్రద్ధ వల్ల కాదు. రెండులోంచి ఏడు పోదు కాబట్టి ఏడులోంచి రెండు తీసి 5 వేస్తారు, తర్వాత అయిదులోంచి రెండు తీసి 3. ఒక్కో అంకెనీ విడివిడిగా చూడటం వల్ల వచ్చే తప్పు ఇది. పది సార్లు వివరించినా పోదు, ఎందుకంటే కాగితం మీద 52 అనేది నిజంగానే పక్కపక్కన ఉన్న రెండు అంకెలు.

కొబ్బరి ఈనెల చీపురు ఒకటి తీసుకుని పుల్లల్ని 8 సెంటీమీటర్ల ముక్కలుగా కత్తిరించండి. కొసలు గుచ్చుకుంటాయి, సన్నటి చివరలు పారేయండి. వంద ముక్కలు చాలు. టిఫిన్ పార్సిళ్లకు వచ్చే రబ్బరు బ్యాండ్లతో పదేసి కట్టలు కట్టడం పిల్లల పనే, మీరు కట్టి ఇవ్వకండి. ఇప్పుడు 52 పెట్టమనండి: అయిదు కట్టలు, రెండు విడి పుల్లలు. అందులోంచి 27 ఇమ్మని అడిగి, ఊరుకోండి. రెండు కట్టలు ఇస్తుంది, ఏడు విడిగా ఇవ్వబోతే రెండే ఉంటాయి. ఇక్కడే చాలామంది పెద్దలు తొందరపడి కట్ట విప్పి చూపిస్తారు. రబ్బరు బ్యాండ్ పిల్ల చేత్తోనే ఊడాలి. నేర్చుకోవలసినదంతా ఆ ఒక్క పనిలోనే ఉంది. ఊడిస్తే పన్నెండు విడి పుల్లలు, ఏడు పోతే అయిదు, మిగిలిన కట్టలు రెండు. 25.

మొదటి రెండు రోజులు పెన్సిల్ వద్దు. మూడో రోజు పుల్లలతో చేస్తూ పక్కనే రాయించండి: కట్ట విప్పగానే పైన 5 కొట్టేసి 4, 2 పక్కన 1. జవాబు ఒకటి అటూ ఇటూ వస్తోందంటే లెక్క తప్పని కోప్పడే ముందు కట్టలు ఎంచండి. తొమ్మిది పుల్లల కట్టో పదకొండు పుల్లల కట్టో తప్పకుండా ఉంటుంది.

వందల్లోకి వెళ్తే పుల్లలు పనికిరావు, మరీ ఎక్కువవుతాయి. పాత క్యాలెండర్ వెనక వైపు కత్తిరించి 100, 10, 1 అని రాసిన చీటీలు చేయండి. 100 చీటీలు అయిదు, మిగతావి ఇరవయ్యేసి. ఇంట్లో ఒకరు బ్యాంకు. 304 లోంచి 126 ఇవ్వాలి. పది చీటీ ఒక్కటీ లేదు. వందని బ్యాంకులో ఇచ్చి పది పదులు తెచ్చుకోవాలి, అందులో ఒక పదిని మళ్లీ ఇచ్చి పది ఒకట్లు. చేతిలో 2 వందలు, 9 పదులు, 14 ఒకట్లు, ఇచ్చేశాక 178. కాగితం మీద ఇదే లెక్కకు 222 అనో 188 అనో వస్తుంది. 222 వస్తే చిన్నదాన్ని పెద్దదాంట్లోంచి తీసే పాత అలవాటు ఇంకా పోలేదు, పుల్లల దగ్గరికి వెనక్కి వెళ్లండి. 188 అయితే పద్ధతి తెలుసు, మధ్యలో పది కాస్తా తొమ్మిదయిందని మర్చిపోయింది. ఈ రెంటికీ ఒకే మందు వేస్తే పనిచేయదు.

ఒకటో తరగతి వాళ్లకి ఇవేవీ వద్దు. పది చింతపిక్కలు, ఒక గిన్నె. కొన్ని గిన్నె కింద దాచి, బయటున్నవి చూపించి లోపల ఎన్నో చెప్పమనాలి. చెప్పాక గిన్నె తనే ఎత్తి చూసుకుంటుంది. పదికి జతలు వేళ్లు మడవకుండా వచ్చేదాకా ఇదొక్కటే చాలు.

వంటింటి డబ్బాలు, తెలుగు ఒత్తులు

2018 లో వచ్చిన చట్టంతో తెలంగాణలో ఏ బోర్డు బడి అయినా తెలుగు చెప్పాల్సిందే. అయినా ఇంగ్లీషు మీడియం పిల్లల్లో ఎక్కువమందికి గుణింతం దాకా బానే వచ్చి, ఒత్తుల దగ్గర బండి ఆగుతుంది. దీనికి కారణం చూడగానే కనబడుతుంది. ప ఒత్తు, ట ఒత్తు లాంటివి అసలు అక్షరం లాగే ఉంటాయి కాబట్టి ఊహించి చదివేస్తారు. త, న, మ, య, ర, ల ఒత్తులు మాత్రం అసలు అక్షరాన్ని పోలి ఉండవు. ఈ ఆరింటినీ విడిగా పట్టుకోవాలి.

ఈ ఆరూ వంటింట్లోనే దొరుకుతాయి: కొత్తిమీర, వెన్న, నిమ్మకాయ, బియ్యం, జీలకర్ర, బెల్లం. ఇవి రాక ముందే పప్పు, ఉప్పు, చక్కెర, రవ్వ లాంటి తేలికవి చేయించవచ్చు. ఆ తర్వాత అల్లం, నెయ్యి, జొన్నలు, కాస్త గడుసుగా వెల్లుల్లి, చివరికి ద్రాక్ష, ఖర్జూరం. 8 సెంటీమీటర్ల పొడవు, 4 వెడల్పు చీటీలు కత్తిరించి స్కెచ్ పెన్నుతో రాయించి డబ్బాలకు అంటించండి. గమ్ వద్దు, పొయ్యి ఆవిరికి రెండు రోజుల్లో ఊడుతుంది. వెడల్పు టేపు చీటీ మొత్తాన్ని కప్పేలా వేస్తే నూనె చేతులకూ నిలుస్తుంది. మొదటి రోజు విన్నది విన్నట్టు రాయనివ్వండి, దిద్దకండి. రెండో రోజు పాఠ్యపుస్తకంలోనో పేపర్లోనో అదే ఒత్తున్న మాట ఒకటి వెతికి, తన చీటీతో పక్కపక్కన పెట్టి చూడమనండి.

రెండు తప్పులు పదే పదే వస్తాయి. ఒకటి, ఒత్తే వేయకుండా "బెలం" అని రాయడం. చెవికి ఆ తేడా అందలేదన్నమాట. రాయించడం ఆపి అటు, అట్టు; గడి, గడ్డి అని జంటలుగా పలికించండి. ఒత్తున్న మాట దగ్గర నాలుక ఒక క్షణం ఆగుతుంది, అక్కడ చప్పట్లు కొట్టమనండి. రెండోది, ఒత్తుని తర్వాతి అక్షరం కింద వేయడం. బెల్లంలో ఒత్తుని ల కింద కాక పక్కకి జరిపి గాల్లో వేలాడదీస్తారు. గళ్ల నోటుబుక్కులో ఒక గడికి ఒక అక్షరం, దాని ఒత్తు అదే గడి కింది భాగంలో అని రాయిస్తే సర్దుకుంటుంది. నాలుగు గీతల ఇంగ్లీషు కాపీబుక్కులో తెలుగు రాయించకండి, ఒత్తుకి చోటే ఉండదు.

వాన సెలవు రోజున వాన కొలవడం

వాన వల్లే సెలవు వచ్చినప్పుడు ఇంతకంటే మంచి పని లేదు. అడుగూ మూతీ ఒకే వెడల్పున్న నిటారు పాత్ర ఒకటి కావాలి. స్టీలు డబ్బా అయినా గాజు సీసా అయినా సరే. బకెట్ పనికిరాదు. బకెట్ మూతి వెడల్పు, అడుగు సన్నం. వెడల్పాటి మూతి పట్టిన నీళ్లన్నీ సన్నటి అడుగులో చేరి ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తాయి. కూల్‌డ్రింక్ బాటిల్ వాడితే భుజం కింద కోసి, పై ముక్కని గరాటులా లోపలికి బోర్లించండి. దాని అడుగు ఎగుడుదిగుడుగా ఉంటుంది గనక గులకరాళ్లు వేసి, అవి మునిగి నిటారు గోడ మొదలయ్యేదాకా నీళ్లు పోసి, అక్కడ సున్నా గీత పెట్టాలి.

డాబా మీద పిట్టగోడకి ఆనించి పెడితే గాలివానలో సగం చినుకులు గోడకే తగులుతాయి. గోడ ఎత్తుకి కనీసం రెండింతల దూరంలో ఉండాలి. నేల మీద పెడితే గచ్చు మీద నుంచి చిట్లిన నీళ్లు లోపల పడతాయి, కాబట్టి కాస్త ఎత్తు పూలకుండీ బోర్లించి దాని మీద పెట్టి, పడిపోకుండా చుట్టూ ఇటుకలు. బాల్కనీలో పెట్టి సున్నా వచ్చిందనుకోకండి, పైన ఛజ్జా ఉంది. ఉరుములు మెరుపులు ఉన్నంతసేపూ డాబా ఎక్కనివ్వకండి, కొలత ఎక్కడికీ పోదు.

వాతావరణ శాఖ వాళ్లు రోజు వానని ఉదయం 8:30 కి తీసుకుంటారు. మీరూ అదే వేళకి కొలిస్తే పేపర్లో వచ్చే అంకెతో పోల్చుకోవచ్చు. కొలవడంలో ఒక చిక్కుంది. పిల్లల స్కేలుకి సున్నా గీత అంచు దగ్గర ఉండదు, ముందు కొన్ని మిల్లీమీటర్ల ఖాళీ ఉంటుంది. స్కేలునే నీళ్లలో ముంచితే ఆ మేరకు తక్కువ చదువుతారు. పుల్లకి చాక్‌పీస్ రుద్ది నిటారుగా అడుగు దాకా ముంచి తీసి, తడిసిన మేర సున్నా నుంచి కొలవమనండి.

వీలైతే వెడల్పాటి డబ్బా ఒకటి, సన్నటిది ఒకటి పక్కపక్కన పెట్టండి. వెడల్పు దాంట్లో ఎక్కువ లోతు ఉంటుందని అయిదో తరగతి పిల్లలు కూడా పందెం కాస్తారు. రెండూ నిటారు డబ్బాలైతే లోతు ఒక్కటే. నమ్మలేక మళ్లీ కొలుస్తారు, కొలవనివ్వండి.

ఒక రోజులో 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీ, 115.6 నుంచి అతి భారీ, 204.4 దాటితే అత్యంత భారీ వర్షం. 2000 ఆగస్టు 24న బేగంపేటలో కురిసింది 24 సెంటీమీటర్లు. మన పదిహేను సెంటీమీటర్ల స్కేలు మునిగిపోయి పైన ఇంకా నీళ్లుంటాయి. నాలుగు, అయిదు తరగతుల వాళ్లకి ఇంకో లెక్క ఇవ్వొచ్చు. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన అంటే సరిగ్గా ఒక లీటరు. వంద చదరపు మీటర్ల డాబా, అంటే దాదాపు 120 గజాలు, 10 మిల్లీమీటర్ల వాన పడితే వెయ్యి లీటర్లు. పైన ఉన్న ట్యాంకు ఎన్ని లీటర్లదో చదివి రమ్మనండి.

మియాపూర్ నుంచి అమీర్‌పేట

మెట్రో రెడ్ లైన్ మీద మియాపూర్, జేఎన్‌టీయూ కాలేజీ, కేపీహెచ్‌బీ కాలనీ, కూకట్‌పల్లి, బాలానగర్, మూసాపేట, భరత్‌నగర్, ఎర్రగడ్డ, ఈఎస్‌ఐ హాస్పిటల్, ఎస్ఆర్ నగర్, అమీర్‌పేట. ఒక పొడవాటి కాగితం మీద సమాన దూరాల్లో చుక్కలు పెట్టి రాయించండి. మియాపూర్‌లో ఎక్కి అమీర్‌పేటలో దిగాలంటే రైలు ఎన్నిసార్లు ముందుకు కదలాలి? పదకొండు అంటారు. ఎక్కిన స్టేషన్ని కూడా ఎంచేస్తారు. బొత్తాన్ని రైలుగా జరిపిస్తూ ఎంచితే పదే వస్తుంది. మియాపూర్ నుంచి ఎల్‌బీ నగర్ దాకా 27 స్టేషన్లు. కదలికలు ఎన్నో ఇప్పుడు చూడకుండా చెప్పగలగాలి.

స్కేలుని 1 దగ్గర నుంచి పెట్టి కొలవడం, సంఖ్యారేఖ మీద 8 నుంచి మూడు వెనక్కి వెళ్లమంటే ఎనిమిదినే "ఒకటి" అనడం, ఏడో తారీఖు నుంచి పన్నెండుకి ఆరు రోజులనడం, అన్నీ ఈ ఒక్క తప్పే. ఒక చోట కుదిరితే మిగతావి వేళ్లతో సహా పోతాయి.

గవ్వలు, పట్టీలు, పెసలు

అష్టాచెమ్మ ఆడటం వచ్చినవాళ్లు ఇంట్లో ఉంటే సరే, లేకపోయినా గవ్వలతో లెక్క ఒకటి ఉంది. నాలుగు గవ్వలు వేస్తే నోరు పైకి పడినవి ఎన్నో అంత. నాలుగూ పడితే చెమ్మ, ఒక్కటీ పడకపోతే అష్ట, ఎనిమిది. 48 సార్లు వేసి ఒకటి, రెండు, మూడు, చెమ్మ, అష్ట కింద గీతలు గీయమనండి, అయిదో గీత అడ్డంగా. గవ్వ రెండు వైపులా సమంగా పడేదైతే రెండు సుమారు 18 సార్లు, ఒకటీ మూడూ చెరి 12, చెమ్మా అష్టా చెరి 3 దగ్గర్లో రావాలి. నిజం గవ్వ అంత సమంగా పడదు, ఒక వైపు అరగదీసిన చింతపిక్క అసలే పడదు. మీ గవ్వలు ఎటు మొగ్గుతాయో ఆ గీతలు చూసి పిల్లలే చెప్తారు. ఆటలో చెమ్మకీ అష్టకీ ఇంకో పందెం, అంటే మళ్లీ గవ్వలు వేసే అవకాశం, ఎందుకిస్తారో కూడా అప్పుడు అర్థమవుతుంది.

భిన్నాలకి చపాతీ బాగుంటుందని అందరూ చెప్తారు. సగానికీ పావుకీ సరే, మూడు సమాన ముక్కలు చేయమంటే పెద్దవాళ్లకే రాదు. 24 సెంటీమీటర్ల పొడవు, 3 వెడల్పు కాగితం పట్టీలు నయం. 24 అయితే సగం 12, మూడో వంతు 8, నాలుగో వంతు 6, ఆరో వంతు 4, ఎనిమిదో వంతు 3, అన్నీ పూర్తి అంకెలే. మూడు కంటే నాలుగు పెద్దది కాబట్టి నాలుగో వంతే పెద్దదనే పిల్లకి రెండు ముక్కలూ ఒకదాని మీద ఒకటి పెట్టుకోమంటే చాలు.

మూడు నాలుగు రోజుల సెలవైతే నాలుగు గిన్నెలు పెట్టండి. మూడింట్లో రాత్రంతా నానిన పెసలు పదేసి: ఒకదానిలో తడి గుడ్డలో, ఒకదానిలో పొడిగా ఆరనిచ్చి, ఒకదానిలో నిండా నీళ్లలో. నాలుగో దానిలో పొట్టు తీసిన పెసరపప్పు తడి గుడ్డలో. ఎన్ని మొలిచాయి, ఎంత పొడవు అని రోజూ రాయాలి. పప్పు ఎంత తడిపినా మొలవదు, గింజ చీలినప్పుడే మొలక వచ్చే భాగం దెబ్బతింది. నీళ్లలో మునిగినవి మొదలై ఆగిపోతాయి, రెండో రోజుకి నురగ కట్టి వాసనొస్తాయి. గింజకీ గాలి కావాలి. తడి గుడ్డలోవి కూడా మొలవకపోతే పెసలు మరీ పాతవి.

ఒంట్లో బాగోనప్పుడు

జ్వరం ఉన్నప్పుడు ఏదీ వద్దు. తగ్గి, ఆకలి వేసి, దానంతట అది విసుక్కోవడం మొదలుపెట్టాక చూద్దాం. ఆటలమ్మ అయితే పొక్కులన్నీ ఎండి పెచ్చు కట్టేదాకా బడికి పంపకూడదు, సాధారణంగా దద్దుర్లు మొదలయ్యాక అయిదు రోజుల నుంచి వారం. ఆ రోజుల్లో వాడిన పుల్లలు, చీటీలు తర్వాత పారేయడమే, మళ్లీ చేసుకోవచ్చు.

కళ్ళకలకకి పుస్తకమూ ఫోనూ రెండూ పక్కన పెట్టి చెవితో అయ్యే పనులు పెట్టుకోండి. "నేను ఒకటి నుంచి వంద లోపు ఒక అంకె అనుకున్నాను, ఎక్కువా తక్కువా అని మాత్రమే చెప్తాను" అని మొదలుపెట్టండి. మధ్యలో సగానికి సగం కోస్తూ అడిగితే ఎంత చెడ్డా ఏడు ప్రశ్నల్లో దొరకాలి. మొదట ఇరవై పడతాయి, సగానికి కోయడం తనే కనిపెట్టేదాకా చెప్పకండి. తాతయ్యలకి ఈ ఆటలో జవాబు నోటి చివరే ఉంటుంది, వాళ్లకి ముందే చెప్పి ఉంచాలి. అమ్మమ్మలైతే పొడుపుకథలు. "కిటకిట తలుపులు, కిటారి తలుపులు, ఎప్పుడు మూసినా చప్పుడు కావు." కళ్ళకలక వచ్చిన పిల్లకి జవాబు దొరకడం కష్టమేం కాదు, రెప్పలు అంటుకుపోయే ఉన్నాయి.

వాట్సాప్ నోట్స్

సాయంత్రానికి క్లాసు గ్రూపులో పక్కింటి పిల్ల నోట్సు ఫొటోలు పదిహేను వస్తాయి. అన్నీ ఆ రాత్రే కాపీ చేయించడం చేతిరాత పనే, చదువు కాదు. అందులో లెక్కల్లో కొత్త పాఠం మొదలైందా అన్నది చూడండి, ముందు దాని సంగతి తేల్చాలి. మిగతా సబ్జెక్టులు రెండు రోజులు ఆగినా ఏం కాదు, లెక్కల్లో ఒక మెట్టు పోతే తర్వాతిది అందదు. పాఠ్యపుస్తకంలో పాఠం దగ్గరున్న క్యూఆర్ కోడ్‌ని దీక్ష అనే ప్రభుత్వ పాఠాల యాప్‌తో స్కాన్ చేస్తే దానికి సంబంధించిన వీడియోనో అభ్యాసమో వస్తుంది. ఒకసారి మీరు చూసి, తర్వాత పిల్లకి చూపించండి. మిగిలిన నోట్సు రోజుకో పేజీ చొప్పున వారంలో పూర్తి చేయిస్తానని డైరీలో టీచర్‌కి రెండు ముక్కలు రాసి పంపితే చాలామంది ఒప్పుకుంటారు.